చేతులు చురుకు, బండ ఇరుకు

ఎర్రకొండల నడుమ ఇప్పలకోన అనే అడవి ఉండేది. ఇప్పచెట్లు, వెదురు పొదలు, మధ్యలో గలగలమనే వాగు. ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, నెమళ్లు, అడవిపందులు అక్కడ కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అంటే పోట్లాడుకోకుండా అని కాదు సుమా! నీళ్ల దగ్గర పోట్లాట, నీడ దగ్గర పోట్లాట, అన్నీ ఉండేవి. ఒంట్లో నలతగా ఉంటే మాత్రం అన్నీ నోరు మూసుకుని ఒకే చోటికి వెళ్లేవి. అది వాగు ఒడ్డున ఉన్న కోతి వైద్యుడి బండ.

కంప్యూటర్ మొరాయించగానే మౌసును టపటపా కొట్టే పిల్లలు మీలో ఉన్నారని నాకు తెలుసు. వాళ్లు కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ఈ కథ వాళ్ల కోసమే చెబుతున్నాను.

ఆ కోతి చేతులున్నాయే, అబ్బో, వాటి వేగం చూసి తీరాల్సిందే! శొంఠి కొమ్ము అందుకుందంటే మీరు రెప్ప వేసి తెరిచేలోగా పొడి అయిపోయేది. తిప్పతీగ దంచినా అంతే, మిరియాలు నూరినా అంతే. దాని చేతులు ఆడుతుంటే చూడ్డానికని కొన్ని కుర్ర కుందేళ్లు లేని దగ్గు తెచ్చుకుని మరీ వచ్చేవి. కంప్యూటర్‌లో చెప్పిన పనల్లా చకచకా చేసిపెట్టే ప్రాసెసర్ ఒకటుంటుంది చూశారూ, ఈ కోతి అచ్చం అలాంటిది.

"ఈ కొండల్లో నాకంటే వేగంగా నూరేవాళ్లుంటే తీసుకురండి. నా తోక కోసి వాళ్ల చేతిలో పెడతాను," అనేది కోతి.

ఎవరూ ఎవరినీ తీసుకురాలేదు. ఎందుకంటే అది నిజమే. గొప్పలు చెప్పుకునేవాళ్లతో వచ్చిన చిక్కు అదే, ఒక్కోసారి వాళ్లు చెప్పేది నిజమై కూర్చుంటుంది.

ఇక ఆ బండ సంగతి. బండ అంటే ఎంత పెద్దదో అనుకునేరు. చాటంత ఉండేది, అంతే. దాని మీద మందు నూరే కల్వం పెడితే, పక్కన నాలుగు ఆకుదొప్పలకు చోటు మిగిలేది. ఇంకొకటి పెడితే అటువైపుది కింద పడేది. కోతి తాతల కాలం నుంచీ అదే బండ. ఏ మూలికైనా ముందు ఆ బండ మీదికి రావాలి, అప్పుడే కోతి చేతికి అందుతుంది. కంప్యూటర్‌లో ర్యామ్ అంటారే, అది ఇలాంటి బండే.

మూలికల నిల్వంతా ఉండేది వేరే చోట. వాగు దాటి, రాళ్లదారి ఎక్కితే, కొండ నెత్తిన ఒక గుహ. అడవిలో దొరికే ప్రతి వేరూ ప్రతి బెరడూ అందులో పెట్టినా ఇంకా సగం ఖాళీగానే ఉండేది. గాలివానలు వచ్చిపోయినా, ఎండాకాలాలు వచ్చిపోయినా, గుహలో పెట్టింది గుహలోనే ఉండేది. కంప్యూటర్‌లో మీ బొమ్మలూ పాటలూ దాచుకునే డిస్కు కూడా ఇలాంటి గుహే. చోటుకు కొదవ లేదు, దూరమే కాస్త ఎక్కువ.

పైగా దాని కాపలా ఎలుగు తాతది. ఆయన మహా నిదానం. ఏదడిగినా, "ఆఁ... తిప్పతీగా? ఉండుండు... ఈ మూలనే కదూ పెట్టాను," అంటూ తడుముకుని తడుముకుని తీసి ఇచ్చేవాడు. గుహకూ బండకూ మధ్య తిరిగేది ఒక దుప్పి. కొమ్ములకు తీగబుట్ట తగిలించుకుని పైకీ కిందికీ మోసేది.

కోతి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన రోగిని కూర్చోబెట్టకూడదు. వచ్చీరాగానే మందు మొదలుపెట్టేయాలి. తాత అలాగే చేశాడు, తండ్రీ అలాగే చేశాడు. "మీది మొదలుపెట్టేశాను!" అని చెయ్యి ఊపుతూ చెప్పడమంటే కోతికి పండగే. రోజుకు ఒకరో ఇద్దరో వచ్చినన్నాళ్లూ ఆ ఆనవాయితీ బాగానే నడిచింది.

తొలకరి పడింది. దాని వెనకే అడవి మీద చలిజ్వరం పడింది.

పొద్దున్నే అడవిపంది మూలుగుతూ వచ్చింది. "మీది మొదలుపెట్టేశాను!" అంది కోతి. నెమలి వచ్చింది. "మీదీ మొదలుపెట్టేశాను!" కుందేళ్ల కుటుంబం మొత్తం దిగింది. "మీ అందరిదీ మొదలుపెట్టేశాను!" ఆ తర్వాత ముళ్లపంది, ఉడుము, ఇంకా ఎవరెవరో. బండ మీద సగం నలిగిన మందులు పేరుకుపోయాయి.

కొత్త దొప్పకు చోటు లేదు. మరేం చేస్తుంది? పంది మందును ఆకులో చుట్టి, "దీన్ని గుహలో పెట్టి, కుందేలు మూలికలు పట్రా," అని దుప్పికి ఇచ్చింది. దుప్పి కొండెక్కి దిగింది. కోతి కుందేలు మందు అలా నూరడం మొదలుపెట్టిందో లేదో, పంది గుర్రుమంది.

"నాదేమైందయ్యా?"

సరే, కుందేలు మందు చుట్టి పైకి పంపడం, పంది మందు కిందికి తెప్పించడం. అది వచ్చేసరికి నెమలి అందుకుంది. పంది మందు మళ్లీ పైకి, నెమలి మందు కిందికి. ఇలా పొద్దంతా మూటలు కొండెక్కడం దిగడమే సరిపోయింది. చేతికి మందు అందినవాళ్లు ఒక్కరూ లేరు.

మరి అంత వేగమైన కోతి చేతులు ఏం చేస్తున్నాయంటారా? ఒళ్లు గోక్కుంటున్నాయి. బుట్ట వచ్చేదాకా వాటికి పనేముంది పాపం! మీరు ఒకేసారి ఆటా, పాటా, సినిమా, ఇంకో పాతికా తెరిచిపెట్టి, తెర మీద గిరగిరా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటారే, అప్పుడు లోపల జరిగేది తరచుగా ఇదే.

కోతికి ఒళ్లు మండిపోయింది. తప్పు తన చేతుల్లో లేదని దానికి గట్టి నమ్మకం. చేతుల్లో లేకపోతే ఇంకెక్కడుంటుంది? కాళ్లలోనే ఉండాలి. అదీ దుప్పి కాళ్లలో!

"ఒరేయ్ దుప్పీ! ఎందుకురా అలా కాళ్లీడ్చుకుంటూ వస్తావు? నా చేతులకు నువ్వు పని అందించలేకపోతున్నావు," అని విరుచుకుపడింది.

"పరుగెత్తుతూనే ఉన్నాను వైద్యుడు గారూ," అంది దుప్పి రొప్పుతూ. "దించానో లేదో, మీరు మళ్లీ ఎత్తమంటున్నారు."

"నోరు ముయ్యి! ఎదురు చెప్పడానికి మాత్రం నీకు ఆలస్యం కాదు."

దుప్పి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల దించుకుని బుట్ట ఎత్తుకుంది.

మర్నాడు కోతికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఒక జత చేతులకే ఇంత పేరుంటే, ఇంకా నాలుగు జతలు చేరితే? అవతలి గట్టున ఉన్న బావమరుదులకు కబురు పెట్టింది. వాళ్లూ నూరడంలో తక్కువవాళ్లేం కాదు. గంతులేసుకుంటూ వచ్చి బండ చుట్టూ కూర్చున్నారు.

కూర్చున్నారు సరే, బండ పెరిగిందా? అదే చాటంత బండ. ఒకరి మోచెయ్యి ఇంకొకరి ముక్కుకు తగిలింది. ఒకరి తోక ఇంకొకరి దొప్పలో పడింది. దారి అదే, బుట్ట అదే, దుప్పి ఒక్కటే. నిన్న కోతి ఒక్కటే ఖాళీగా కూర్చుంది, ఇవాళ బంధువులందరూ కలిసి ఖాళీగా కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక పెద్ద బావమరిది కుందేలుకు తెప్పించిన తేనె నాకేశాడు. దాంతో తిట్లు. తిట్ల తర్వాత జుట్లు. సాయంత్రానికి అందరూ అలిగి వెళ్లిపోయారు.

ఈ గొడవంతా ఒక దేవాంగపిల్లి చూస్తూ ఉంది. దేవాంగపిల్లిని మీరు చూసి ఉండరు. గుప్పెడంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులు, మొహం నిండా కళ్లే. చెయ్యెత్తితే ఎత్తినట్టే తెలియదు, అంత నెమ్మది. ఎండ పడదు కాబట్టి నెత్తిన టేకాకు కప్పుకుని తిరుగుతుంది. పక్క కొండ అడవిలో పేరున్న వైద్యురాలు. ఇప్పలకోనలో జ్వరాలని విని, చేతనైన సాయం చేద్దామని వచ్చింది.

"వైద్యుడు గారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి," అంది దేవాంగపిల్లి. "పొద్దుట్నుంచీ చూస్తున్నాను. మీ చేతులు నూరింది తక్కువ, ఊరికే ఉన్నది ఎక్కువ. ఎందుకంటారు?"

"ఇంకెందుకు? ఆ దుప్పి వల్ల!"

"నాకలా అనిపించడం లేదు. బండ ఇరుకు. దాని మీద పట్టేదానికంటే మీరు మొదలుపెట్టింది ఎక్కువ. కాస్త వెడల్పాటి బండ చూసుకుంటే..."

కోతి పకపకా నవ్వింది. "అమ్మా, నువ్వు చెయ్యెత్తి మూతి తుడుచుకునేలోగా నేను మందు నూరి, పోసి, చెయ్యి కడుక్కుంటాను. నువ్వా నాకు చెప్పేది? చేతకానివాళ్లకే పెద్ద బండలు కావాలి. మా తాత ఈ బండ మీదే అడవినంతా బతికించాడు."

చుట్టూ ఉన్న జంతువులు కూడా కిసుక్కుమన్నాయి. దేవాంగపిల్లి చిన్నబుచ్చుకోలేదు. టేకాకు సర్దుకుని చెట్టు నీడలో కూర్చుంది.

ఆ మరుసటి పొద్దున ఏనుగు పెద్దమ్మ వచ్చింది. ఇప్పలకోనకు ఆమే పెద్ద, ఆమె మాటే మాట. ఎప్పుడూ తలెత్తుకుని నడిచే పెద్దమ్మ ఆ రోజు తల వేలాడేసుకుని వచ్చింది. ఆమె ముందుకాళ్ల మధ్య చిన్న గున్న వణికిపోతోంది. చెవులు చల్లబడిపోయాయి. ఈ జ్వరంలో పిల్లల చెవులు చల్లబడ్డాయంటే పొద్దు గూకేలోగా మందు గొంతులో పడాలని ఆ అడవిలో అందరికీ తెలుసు. పడకపోతే ఆ బిడ్డ మరి లేవదు.

"నాయనా, నా బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాను," అంది పెద్దమ్మ.

"భయపడకు పెద్దమ్మా. ఎండ నెత్తికెక్కేలోగా నీ గున్న గంతులేస్తుంది చూడు. ఇదిగో, మొదలుపెట్టేశాను!"

మొదలుపెట్టిన మాట నిజమే. తిప్పతీగ నలిపింది, నేలవేము నూరింది. చేతులు ఎంత ముచ్చటగా ఆడాయో! సగం మందు తయారైంది. సరిగ్గా అప్పుడే అడవిపంది గుర్రుమంది.

"మేం రోజుల తరబడి తిరుగుతున్నాం. పెద్దవాళ్ల పిల్లలకు ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా?"

ఆ మాటకు కోతికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా దగ్గర అలాంటివి లేవు! నీదీ చేస్తాను. రెండూ కలిపే చేస్తాను," అంటూ గున్న మందు దొప్పను బండ చివరికి నెట్టింది. పంది మందు తెమ్మని దుప్పిని పంపింది. పందిని చూసి నెమలి లేచింది, నెమలిని చూసి ముళ్లపంది లేచింది. కోతి ఎవరినీ కాదనలేదు. కాసేపటికి బండ మీద చిటికెన వేలు పెట్టడానికి కూడా చోటు లేదు.

గున్న మందులో ఇంకా శొంఠి, మిరియాలు పడాలి. అవి కొండ మీద ఉన్నాయి. దుప్పేమో పంది మూట మోసుకుని సగం దారిలో ఉంది.

దేవాంగపిల్లి నీడలోంచి గొంతెత్తింది. "వైద్యుడు గారూ, ఆకాశం చూడండి. ఆ సగం మందైనా చుట్టి ఎవరితోనైనా భద్రంగా గుహకు పంపండి."

"కాసేపట్లో అయిపోయేదాన్ని ఎవరైనా దాచుకుంటారా?" అంది కోతి, ఆకాశం వైపు చూడకుండానే.

నల్లమబ్బు కొండ దాటిందో లేదో, కుండపోతగా కురిసింది. దొప్పలన్నీ తేలాయి, తిరగబడ్డాయి, వాగులోకి కొట్టుకుపోయాయి. గున్న మందు, పంది మందు, నెమలి మందు, అన్నీ కలిసి ఒక పచ్చటి చారలా నీళ్లలో పోయాయి. ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా వాన వెలిసింది. బండ మాత్రం కడిగిపెట్టినట్టు ఖాళీగా మిగిలింది.

పొద్దంతా బొమ్మ గీసి, సేవ్ చేయడం మరిచిపోయి, కరెంటు పోగానే బావురుమన్నవాళ్లకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ర్యామ్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే. డిస్కులో దాచుకున్నదే మిగిలేది. గుహలో ఉన్న శొంఠి కొమ్ములకు ఆ వానలో ఒక్క చుక్క కూడా తగల్లేదు.

దాని మీద ఇంకో దెబ్బ. రాళ్లదారిలో జారి దుప్పి కాలు బెణికింది. కుంటుకుంటూ దిగి వాగు ఒడ్డున కూలబడింది. ఇక బుట్ట మోసేవాళ్లు కూడా లేరు.

పెద్దమ్మ గున్న మీద తొండం వేసి నిలబడింది. పొద్దు పడమటికి వాలుతోంది. ఆమె కోతిని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది కోతికి. గున్న కళ్లు మూసుకుపోయాయి. వణుకు కూడా తగ్గిపోతోంది, అది మంచి గుర్తు కాదని కోతికి తెలుసు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దానికి భయం వేసింది. పేరు పోతుందని కాదు, ఈ పసిబిడ్డ నిజంగానే చచ్చిపోతుందేమోనని.

కోతి గబగబా చెట్టు నీడలోకి వెళ్లింది. "అమ్మా, నాకు తోచడం లేదు," అంది. "మీరు చెప్పండి. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

దేవాంగపిల్లి నెత్తి మీది ఆకు తీసి పక్కన పెట్టింది. "భయపడకండి, పొద్దు ఇంకా ఉంది," అంది నిబ్బరంగా. "పెద్దమ్మా, అదిగో, మీ వీపంత వెడల్పున్న ఆ చదును రాయి. దాన్ని ఈ కొండచరియ కిందికి లాగండి. అక్కడ వాన తగలదు. వైద్యుడు గారూ, మీరు బుట్ట మెడలో వేసుకుని కొండెక్కండి. గున్న మందుకు కావాల్సినవన్నీ ఒకేసారి తెండి. శొంఠీ మిరియాలూ ఈ జ్వరంలో అందరి మందులోనూ పడతాయి, అవి బుట్టకు పట్టినన్ని తెండి. మళ్లీ వెళ్లే పని పెట్టుకోకండి."

కోతి పరుగు తీసింది. వాగులో నీళ్లు ఉరకలేస్తున్నాయి. వాగు దాటితే పట్టుకుని ఊగడానికి ఒక్క చెట్టు లేదు, అన్నీ బోడి రాళ్లే. తడిసిన రాళ్లు. కోతి జారింది, లేచింది, మళ్లీ జారింది. అరచేతులు చీరుకుపోయాయి. తల ఎత్తి చూస్తే గుహ ఇంకా ఎక్కడో పైనే ఉంది.

"ఓరి దేవుడా, ఇంత దూరమా!" అనుకుంది. "ఈ దారినా ఆ దుప్పి పొద్దంతా ఎక్కి దిగింది! దాన్నా నేను కాళ్లీడుస్తున్నావని తిట్టింది!"

గుహ దగ్గర ఎలుగు తాత, "ఆఁ... శొంఠా? ఉండుండు..." అంటూ తడుముకోవడం మొదలుపెట్టాడు. అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే ఆయన మళ్లీ మొదటి మూల నుంచి వెతుకుతాడేమోనని పళ్లు బిగపట్టి నిలబడింది. తిప్పతీగ, నేలవేము, శొంఠి, మిరియాలు, తేనె. అన్నీ ఒకే బుట్టలో సర్దుకుని కొండ దిగింది.

కొండచరియ కింద వెడల్పాటి రాయి పరిచి ఉంది. దాని మీద కల్వం, చుట్టూ ఖాళీ దొప్పలు. దేవాంగపిల్లి శొంఠినీ మిరియాలనూ తీసి తన ఒళ్లో పెట్టుకుంది. తిప్పతీగ, నేలవేము, తేనె కల్వం పక్కన పెట్టుకుంది.

"ఇంత రాయి ఉండగా అవి ఒళ్లో ఎందుకు?" అంది కోతి ఆయాసపడుతూ.

"మాటిమాటికీ కావాల్సింది ఒళ్లో ఉండాలి, ఇప్పుడు కావాల్సింది బండ మీద ఉండాలి, ఎప్పుడో కావాల్సింది గుహలో ఉండాలి," అంది దేవాంగపిల్లి.

గుర్తుపెట్టుకోండి, ప్రాసెసర్ కూడా ఇలా తన ఒళ్లో కొంచెం చోటు ఉంచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటారు. చిన్నదే, కానీ చెయ్యి చాచే పని కూడా లేనంత దగ్గర.

దేవాంగపిల్లి నూరడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదంటే, చూస్తున్న కోతికి ప్రాణం పోతున్నట్టుంది. పొద్దు చూస్తే ఇప్పచెట్ల కొమ్మల్లోకి దిగింది.

"ఇటివ్వండి, నేను నూరతాను!" అని కోతి నూరుడు రాయి లాక్కుంది. చీరుకుపోయిన అరచేతిలో అది నిలవలేదు. నొప్పికి కెవ్వుమని వదిలేసింది. ఈ కొండల్లోకెల్లా వేగమైన చేతులు, కావాల్సినప్పుడు పనికిరాకుండా పోయాయి. ఏడుపు ఆపుకుంటూ పక్కన కూర్చుంది.

కూర్చుని చూసింది. ఆ నెమ్మది చెయ్యి కదులుతూనే ఉంది. శొంఠి కావాలా, ఒళ్లో ఉంది. తేనె కావాలా, పక్కన ఉంది. ఎవరి కోసమూ చూడక్కర్లేదు, దేన్నీ దించి ఇంకోటి ఎక్కించక్కర్లేదు. అడవిపంది ఊరుకోదు కదా, అక్కడికీ వచ్చి గుర్రుమంది.

"నాదెప్పుడు?"

"గున్నది అవ్వగానే మీదే," అంది దేవాంగపిల్లి తలెత్తకుండా. "అంతదాకా మొదలుపెట్టను."

పంది బుద్ధిగా కూర్చుంది. ఇన్ని రోజుల్లో దానికి సూటిగా సమాధానం దొరకడం అదే మొదలు.

పొద్దు ఎర్రబడింది. సగం కొండ వెనక్కి దిగింది. అప్పుడు దేవాంగపిల్లి నూరుడు రాయి పక్కన పెట్టి, "పెద్దమ్మా, నోరు తెరిపించండి," అంది. పెద్దమ్మ తొండంతో గున్న గడ్డం ఎత్తింది. మందు చుక్కచుక్కగా గొంతులోకి దిగింది.

ఏమీ కాలేదు. అడవంతా ఊపిరి బిగపట్టి చూసింది. కోతి తన తోకను తానే గట్టిగా పట్టుకుంది. ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి గున్న చెవి మీద వాలింది. గున్న చెవి విదిలించింది.

పెద్దమ్మ ఘీంకారానికి కొండలు మార్మోగాయి. ఆమె ఏడ్చింది, నవ్వింది, దేవాంగపిల్లిని తొండంతో ఎత్తి నెత్తిన కూర్చోబెట్టుకుంది. "నన్ను దించండి పెద్దమ్మా, పంది గారి మందుంది," అంది దేవాంగపిల్లి పైనుంచి.

పంది మందు కూడా అయ్యాక కోతి అడిగింది. "మీ చేతులు అంత నెమ్మది. నావి ఇంత వేగం. మరి మీరెలా గెలిచారమ్మా?"

"నా చేతులు నెమ్మదే వైద్యుడు గారూ. కానీ ఎక్కడా ఆగలేదు."

మర్నాడు పెద్దమ్మ అందరి ముందూ తీర్పు చెప్పింది. "ఈ రోజు నుంచి ఇప్పలకోన వైద్యం దేవాంగపిల్లి చేతిలో ఉంటుంది. కోతి ఆమె చెప్పినట్టు నడుచుకోవాలి. దుప్పి కాలు బాగయ్యేదాకా ఆ బుట్ట కోతే మొయ్యాలి."

కోతి నేరుగా దుప్పి దగ్గరికి వెళ్లింది. "నాది తప్పయిపోయింది," అంది. ఆపైన బుట్ట ఎత్తుకుంది. కుర్ర కుందేళ్లు ఊరుకుంటాయా? "ఎందుకు బాబూ అలా కాళ్లీడ్చుకుంటూ వస్తావు?" అని దారి పొడుగునా ఆటపట్టించాయి. దుప్పి మాత్రం నీడలో గడ్డి నములుతూ, "నిదానంగా రండి వైద్యుడు గారూ, ఆ రాయి జారుతుంది," అని చెప్పేది.

అరచేతులు మానాక దేవాంగపిల్లి కోతిని వెడల్పాటి బండ దగ్గరికి పిలిచింది. "రండి. ఇంత వేగమైన చేతులు ఊరికే పోకూడదు."

వేగం అక్కర్లేదని ఈ కథలో ఎవరూ అనలేదు, చూడండి. కావాల్సినవన్నీ చుట్టూ సిద్ధంగా ఉన్న బండ మీద కోతి చేతులు ఆడుతుంటే, అది కదా వేగమంటే! తన చేతులు ఇంత పని చేయగలవని కోతికే తెలియదు. బావమరుదులను కూడా మళ్లీ పిలిపించారు. ఈసారి ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగల్లేదు. తేనె దొప్ప మాత్రం పెద్ద బావమరిదికి అందకుండా పెట్టారు. సగం మిగిలిన మందులను చీకటి పడకముందే చుట్టి గుహకు పంపేవారు. కొద్ది రోజుల్లోనే జ్వరం అడవి వదిలి పోయింది.

కోతి ఇంటి ఆనవాయితీ కూడా పోయింది. ఇప్పటికీ ఎవరైనా వస్తే పాత అలవాటు కొద్దీ, "మీది మొద..." అని నోరు జారబోతుంది. నాలుక కరుచుకుని, "కూర్చోండి, మీ వంతు రానివ్వండి," అంటుంది. వంతు వచ్చాక దొప్ప చేతిలో పెట్టి, "మీది అయిపోయింది, తీసుకెళ్లండి," అంటుంది.

ఆ మాట వినడానికే ఇప్పుడు కుర్ర కుందేళ్లు లేని దగ్గు తెచ్చుకుని వస్తున్నాయి.

నీతి: చేతుల్లో ఎంత వేగమున్నా, చేతికందే చోటు చాలకపోతే ఆ వేగం ఊరికే కూర్చుంటుంది, ముందు చోటు చూసుకో, ఆ చోటులో పట్టినంత పనే చేపట్టు.